సీల్ తీయని వీడియో గేమ్‌కి 9.8 మార్కులు ఎలా వేస్తారు? హైదరాబాద్ పీఎస్2 గేమ్స్‌తో గ్రేడింగ్ పాఠం

2023 జులైలో అమెరికాలో ఎల్‌సీజీ ఆక్షన్స్ అనే సంస్థ ఒక ఐఫోన్‌ని వేలం వేసింది. 2007లో వచ్చిన మొట్టమొదటి ఐఫోన్, 4 జీబీ మోడల్, బాక్స్ సీల్ కూడా తీయనిది. 1,90,372 డాలర్లకు పోయింది. అంటే అప్పటి రేటుతో మన డబ్బుల్లో కోటిన్నర పైమాటే. ఆ ఫోన్ ఆన్ అవుతుందో లేదో అమ్మినవాళ్లకి తెలీదు, కొన్నవాళ్లకీ తెలీదు. తెలుసుకోవాలంటే సీల్ చింపాలి. చింపితే కోటిన్నర అక్కడికక్కడే ఆవిరి.

ఫోన్లలో ఈ పిచ్చి ఈమధ్య మొదలైంది. వీడియో గేమ్స్‌లో మాత్రం దీనికి పెద్ద వ్యవస్థే ఉంది. సీల్ తీయని గేమ్‌ని ఒక కంపెనీకి పంపిస్తే, వాళ్లు దాన్ని పరీక్షించి, మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి తిరిగి పంపిస్తారు. దీన్నే ప్రొఫెషనల్ గ్రేడింగ్ అంటారు. ఆ మార్కుల్లో పాయింట్ రెండు తేడా వచ్చినా ధర ఎక్కడికో పోతుంది, లేదా ఎక్కడికో పడిపోతుంది.

ఈ టాపిక్ మీద వీడియోలన్నీ మారియో, జెల్డా చుట్టూనే తిరుగుతాయి. అవి మన ఊళ్లలో సీల్‌తో అమ్మిన వస్తువులు కావు. మనలో చాలామంది 8 బిట్ గేమ్స్ ఆడింది జాతరలోనో, ఫ్యాన్సీ షాపులోనో కొన్న 'టీవీ గేమ్'లో. దాని పసుపు రంగు క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల పదో పదిహేనో గేమ్స్ మాత్రమే తిరిగి తిరిగి వచ్చేవి. అందుకే ఈ పాఠానికి ఉదాహరణగా హైదరాబాద్‌లో తయారైన పీఎస్2 గేమ్స్ తీసుకుంటున్నా. వాటి సీల్డ్ కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే ఇది చదివాక దాన్ని చూసే పద్ధతి మారుతుంది.

ముందు గ్రేడ్ అంటే ఏంటో తేల్చుకుందాం

రిఫర్బిష్డ్ ఫోన్ కొన్నవాళ్లకి గ్రేడ్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. 'సూపర్బ్', 'గుడ్', 'ఫెయిర్' అని సైట్లు రాస్తాయి. అది ఫోన్ ఎంత మంచిదో చెప్పే మాట కాదు. గీతలు ఎన్ని ఉన్నాయి, బాడీ ఎలా ఉంది అని చెప్పే మాట. 'సూపర్బ్'లో ఉన్న పాత ఫోన్ కన్నా 'ఫెయిర్'లో ఉన్న కొత్త మోడల్ ఎక్కువ ధర పలుకుతుంది.

మాది కోసిగి. మా వైపు పత్తి ఎక్కువగా ఆదోని యార్డుకు పోతుంది. అక్కడ కూడా గ్రేడింగే. పింజ పొడవు ఎంత, తేమ ఎంత, చెత్త ఎంత అని చూస్తారు. సీసీఐ కొనేటప్పుడు తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 8 నుంచి 12 మధ్య ఉంటే కోత, 12 దాటితే వెనక్కి తీసుకెళ్లమంటారు. ఈ పద్ధతిలో మంచి సంగతి ఏంటంటే తేమకి మీటర్ ఉంది. గుచ్చితే అంకె కనిపిస్తుంది, రైతు కూడా చూడొచ్చు. అదే వ్యాపారి గుప్పెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి 'ఇది ఇంతే' అంటే, అక్కడ నమ్మకం తప్ప మీటర్ లేదు. రైతులకి గొడవ వచ్చేది కూడా ఎక్కువగా ఈ రెండో చోటే.

గేమ్ గ్రేడింగ్ ఈ రెండో రకం. కొలత పట్టీలు, లైట్లు, భూతద్దాలు ఉంటాయి కానీ చివరికి ఒక మనిషి కన్ను చెప్పేదే మార్కు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మార్కులు వేసేది ఎవరు, ఎలా?

ఈ పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది వీజీఏ, అంటే వీడియో గేమ్ అథారిటీ. 2008 నుంచి ఉంది. బొమ్మలకు గ్రేడింగ్ చేసే కంపెనీ నుంచే ఇది పుట్టింది. వీళ్ల స్కేల్ 100కి. 85 వచ్చిందంటే చాలా బాగున్నట్టు, 90 దాటితే అరుదు.

తర్వాత 2017లో అమెరికాలోని డెన్వర్‌లో వాటా గేమ్స్ మొదలైంది. (తెలుగులో చదివితే ఆ పేరుకి నవ్వొస్తుంది. ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న ఈ కథలో తర్వాత వస్తుంది కూడా.) వీళ్లు కామిక్ పుస్తకాల గ్రేడింగ్ లాంటి 10 పాయింట్ల స్కేల్ తెచ్చారు. దానికి తోడు సీల్‌కి విడిగా అక్షరాల గ్రేడ్ పెట్టారు. అంటే లేబుల్ మీద రెండు మార్కులుంటాయి. మొదటిది బాక్స్‌ది, 0.5 నుంచి 10 వరకు. రెండోది పైన చుట్టిన ప్లాస్టిక్ కవర్‌ది, సి నుంచి ఏ++ వరకు. '9.4 ఏ+' అంటే బాక్స్‌కి 9.4, సీల్‌కి ఏ+. సీజీసీ అనే మరో గ్రేడింగ్ కంపెనీ కూడా తర్వాత గేమ్స్‌లోకి వచ్చింది. సీల్ తీసిన గేమ్స్‌కీ గ్రేడింగ్ ఉంది, అప్పుడు బాక్స్‌కి, మాన్యువల్‌కి, క్యాసెట్‌కి విడివిడిగా మార్కులేస్తారు. మనం ఇక్కడ సీల్డ్ వాటి గురించే మాట్లాడుకుందాం.

మార్కుల కన్నా ముందు జరిగేది అసలైన పని. ఆ సీల్ ఫ్యాక్టరీదా, లేక ఎవరైనా ఇంట్లో మళ్లీ చుట్టిందా అని తేల్చడం. ష్రింక్ ర్యాప్ రోల్, వేడిగాలి గన్ దొరికితే ఎవరైనా ఒక బాక్స్‌ని చుట్టేయొచ్చు. స్వీట్ షాపులో గిఫ్ట్ బాక్స్‌కి చుట్టేది కూడా అలాంటి ప్లాస్టిక్కే. అందుకే గ్రేడర్ చూసేది ప్లాస్టిక్ ఎంత మెరుస్తుందని కాదు, అతుకు ఎక్కడ పడిందని. అప్పటి నింటెండో ఎన్ఈఎస్ బాక్సుల వెనక ప్లాస్టిక్ అతుకు అడ్డంగా ఒక గీతలా ఉంటుంది. కలెక్టర్లు దాన్ని హెచ్ సీమ్ అంటారు. డిస్క్ గేమ్స్ కేసుల మీద ఎక్కువగా కనిపించేది వై ఫోల్డ్, అంటే అగరుబత్తి ప్యాకెట్ చివర్లు మడిచి అతికించినట్టు ఉండే మడత. ఏ కంపెనీ, ఏ ఫ్యాక్టరీ, ఏ సంవత్సరం అన్నదాన్నిబట్టి అతుకు మారుతుంది. వై ఫోల్డ్ ఉండాల్సిన కేసు మీద నాలుగు పక్కలా కరిగిన అతుకు కనిపిస్తే అది ఎవరో షాపులో చుట్టిందే.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది చెక్‌సమ్ లేని ఫైల్‌ని వెరిఫై చేయడం లాంటిది. ఖచ్చితంగా అసలైనదని తెలిసిన కాపీలు పక్కన పెట్టుకుని పోల్చడం తప్ప వేరే దారి లేదు. పోల్చడానికి కాపీలు లేకపోతే గ్రేడర్ కూడా మనలాగే ఊహించాల్సిందే. 2022లో పాత పీసీ గేమ్స్ కలెక్టర్ల మధ్య నకిలీల గొడవ బయటపడింది. 1980ల నాటి అరుదైన గేమ్స్ అని అమ్మినవి ఈమధ్య ప్రింట్ చేసినవని తేలింది. మోసపోయింది కొత్తవాళ్లు కాదు, ఏళ్ల తరబడి కొంటున్న కలెక్టర్లు. వస్తువు ఎంత అరుదైతే పోల్చుకోవడానికి అంత తక్కువ దొరుకుతుంది, నకిలీకి అంత వీలు.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం

2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అని పీఎస్2 గేమ్ వచ్చింది. తయారుచేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్, పబ్లిష్ చేసింది సోనీ యూరప్ విభాగం. కన్సోల్ కోసం పూర్తిగా ఇండియాలోనే తయారైన మొదటి గేమ్‌గా దీనికి పేరుంది. నిజం చెప్పాలంటే గేమ్ గొప్పగా ఏమీ లేదు, రివ్యూలు బాగా తిట్టాయి. దానికి తోడు అమెరికాలోని ఒక హిందూ సంస్థ ప్రతినిధి, దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడం ఏంటి, దీన్ని వెనక్కి తీసుకోండి అని సోనీని కోరాడు. అలా ప్రపంచ వార్తల్లోకి కూడా ఎక్కింది.

అదే సంవత్సరం 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' వచ్చింది. పీఎస్2, పీఎస్పీ రెండిట్లోనూ. ఇది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర చేసింది. కబడ్డీ, మన గోటీబిళ్ళ లాంటి గిల్లీదండా, గాలిపటాలు ఇలాంటి ఆటల్ని డిస్క్‌లో పెట్టారు. ఆ గేమ్‌శాస్త్రే 2013లో షారుఖ్ సినిమా 'డాన్ 2' గేమ్‌ని కూడా పీఎస్2కి తెచ్చింది. సోనీ పీఎస్2 తయారీ ఆపేస్తున్నట్టు ప్రపంచానికి తెలిసింది కూడా 2013 మొదట్లోనే. అంటే ప్రపంచమంతా పీఎస్2కి బైబై చెప్తున్న టైమ్‌లో హైదరాబాద్ ఇంకా దానికి గేమ్ రిలీజ్ చేస్తోంది.

కలెక్టర్ కళ్లతో చూస్తే ఇవి ఆసక్తికరమైన గేమ్స్. మొదటి గేమ్ అనే గుర్తింపు ఉంది, వివాదం ఉంది, కన్సోల్ ఆఖరి రోజుల నాటివీ ఉన్నాయి. పైగా ఇండియాలో కొన్నవాళ్లు ఆడటానికే కొన్నారు, సీల్ తీయకుండా దాచుకోవడానికి కాదు. మన ఇళ్లల్లో గేమ్ కొని సీల్ తీయకుండా బీరువాలో పెడితే అమ్మ ఊరుకునేదా? ఆడనివాడికి ఎందుకు కొనిచ్చాం అని తీసుకెళ్లి పక్కింటి పిల్లాడికి ఇచ్చేసేది.

సరే, 'హనుమాన్' సీల్డ్ కాపీ ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. గ్రేడర్‌లా చూద్దాం.

ముందు కవర్. మడతలు ఎలా ఉన్నాయి, ఎక్కడైనా చిరిగిందా, సూది బెజ్జమంత రంధ్రం ఉందా? వేలుగోరు పెడితే పట్టేంత చీలిక కూడా సీల్ గ్రేడ్‌ని దించుతుంది. తర్వాత కేసు. పీఎస్2 కేసు ప్లాస్టిక్ కాబట్టి అట్ట బాక్సుల్లా మూలలు నలగవు, కానీ పగుళ్లు వస్తాయి. సీల్ చెక్కుచెదరకుండా లోపల కేసు పగిలి ఉండొచ్చు. లైట్ కింద అటూ ఇటూ తిప్పితే పగులు మెరుస్తుంది. కేసుని మెల్లగా వంచి వినండి. లోపల గలగల శబ్దం వస్తే డిస్క్ పట్టు నుంచి ఊడి తిరుగుతోందని అర్థం. అలా తిరిగిన డిస్క్ మీద గీతలు పడతాయి, బయటికి మాత్రం కనపడవు. ఆ తర్వాత కవర్ పేపర్. ఎండకి రంగు వెలిసిందా, తేమకి అలలు తేలిందా? మా వైపు రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన ఏ వస్తువైనా రెండు ఎండాకాలాల్లో ఎలా తయారవుతుందో కర్నూలు వాళ్లకి చెప్పక్కర్లేదు. వేడికి ష్రింక్ ప్లాస్టిక్ ఇంకా బిగుసుకుంటుంది. అట్ట బాక్స్ అయితే ఆ బిగువుకి మూలలు లోపలికి వంగిపోతాయి. సీల్ కాపాడుతుంది అనుకుంటాం, కాలం గడిచేకొద్దీ బాక్స్‌ని పాడుచేసేది కూడా అదే.

ఇంకొకటి, ఇది ఇండియా కాపీలకి ప్రత్యేకం. ఎమ్మార్పీ స్టిక్కర్. మన చట్టం ప్రకారం ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద అన్ని పన్నులతో కలిపిన ధర, దిగుమతి అయితే దిగుమతిదారు పేరు, అడ్రస్, నెల, సంవత్సరం ఉండాలి. బయటి నుంచి వచ్చిన గేమ్స్ మీద ఇది తరచూ సీల్ పైనే అతికించిన స్టిక్కర్‌గా కనిపిస్తుంది. ఇది చూడగానే చాలామందికి చేయి దురద పెడుతుంది, ఒలిచేసి నీట్‌గా చేద్దామని. అస్సలు వద్దు. పదేళ్ల జిగురు ప్లాస్టిక్‌ని కూడా తీసుకుని వస్తుంది. అది జాగ్రత్తగా ఊడొచ్చినా, పోయేది ఇంకోటుంది. ఈ కాపీ ఫలానా నెలలో, ఫలానా దిగుమతిదారు ద్వారా ఇండియాలో అమ్మిందే అని చెప్పే సాక్ష్యం ఆ స్టిక్కరే. ఇంట్లో మళ్లీ సీల్ చుట్టినవాడు స్టిక్కర్ కింద అతుకు దాచొచ్చు కాబట్టి అదొక్కటే సరిపోదు. కానీ పోల్చడానికి కాపీలే దొరకని గేమ్‌కి ఉన్న ఒకటీ అరా సాక్ష్యాల్లో అదొకటి. నా లెక్కలో ఇండియా సీల్డ్ గేమ్‌కి స్టిక్కర్ మచ్చ కాదు, పుట్టిన తేదీ సర్టిఫికెట్.

గ్రేడ్ చెప్పనివి

ఇంత చూశాక కూడా గ్రేడ్ చెప్పలేని సంగతులు మూడున్నాయి.

గేమ్ పనిచేస్తుందా లేదా చెప్పదు. 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా' అమెరికాలో 1987లో వచ్చింది. సేవ్ చేసుకోవడానికి దాని క్యాసెట్‌లో చిన్న గుండు బ్యాటరీ ఉంటుంది. సీల్డ్ కాపీలో కూడా ఆ బ్యాటరీ 1987 నుంచి లోపల కూర్చుని నెమ్మదిగా అయిపోతూనే ఉంది. ఆ గేమ్ ఒక సీల్డ్ కాపీ, వాటా 9.0 ఏ, 2021 జులైలో 8,70,000 డాలర్లకు పోయింది. సేవ్ అవుతుందో లేదో ఎవరూ చూడరు.

అరుదో కాదో కూడా చెప్పదు. పది లక్షల కాపీలున్న గేమ్‌కీ 9.8 రావొచ్చు, వంద కాపీలున్న గేమ్‌కి 6 రావొచ్చు. మొదట్లో చెప్పిన ఐఫోన్ చూడండి. అంత ధర రావడానికి కారణం సీల్ ఒక్కటే కాదు. 4 జీబీ మోడల్‌ని 2007 జూన్ చివర్లో తెచ్చి సెప్టెంబర్‌కల్లా ఆపిల్ ఆపేసింది. అదే సంవత్సరం 8 జీబీ ఐఫోన్ సీల్డ్‌ది వేలంలో 63 వేల డాలర్లు పలికింది. సీల్ రెండిటికీ ఉంది, ధర మూడు రెట్లు తేడా.

ధర అసలే చెప్పదు. అసలు గొడవంతా ఇక్కడే.

మార్కులు, వేలం, డబ్బు

2019 ఫిబ్రవరిలో ఒక సీల్డ్ 'సూపర్ మారియో బ్రదర్స్' 1,00,150 డాలర్లకు అమ్ముడైంది. వాటా గ్రేడ్ చేసిన కాపీ. కొన్నవాళ్లు ముగ్గురు, వాళ్లలో ఒకరు హెరిటేజ్ ఆక్షన్స్ సహ వ్యవస్థాపకుడు జిమ్ హాల్పెరిన్. ఆ హెరిటేజే తర్వాత వాటా గ్రేడ్ చేసిన గేమ్స్‌ని వేలం వేసిన అతిపెద్ద సంస్థ. లక్ష డాలర్ల గేమ్ అని ప్రపంచమంతా వార్త పాకింది. ఆ తర్వాత అంకెలు చూడండి. 2020 జులైలో ఇంకో సూపర్ మారియో బ్రదర్స్ 1,14,000. అదే నవంబర్‌లో మారియో 3 గేమ్ 1,56,000. 2021 ఏప్రిల్‌లో మళ్లీ సూపర్ మారియో బ్రదర్స్ 6,60,000. జులైలో పైన చెప్పిన జెల్డా, ఆ తర్వాత రెండు రోజులకి 'సూపర్ మారియో 64', 9.8 ఏ++, ఏకంగా 15,60,000 డాలర్లు. అప్పటి రేటుతో 11 కోట్ల పైన. ఆగస్టులో షేర్లలా ముక్కలు అమ్మే ర్యాలీ అనే ప్లాట్‌ఫామ్‌లో ఒక మారియో 20 లక్షల డాలర్లకు చేరింది. ఆ జులైలోనే వాటా గేమ్స్‌ని కలెక్టర్స్ యూనివర్స్ అనే పెద్ద కంపెనీ కొనేసింది.

మారియో 64 అరుదైన గేమ్ కాదు, కోటి కాపీల పైన అమ్ముడైన గేమ్. మరి 11 కోట్లు దేనికి? ఆ ఒక్క కాపీ మీదున్న 9.8 ఏ++ కి. అంటే మనిషి కన్ను వేసిన మార్కుకి.

2021 ఆగస్టులో కార్ల్ జాబ్స్ట్ అనే యూట్యూబర్ ఒక పొడవైన వీడియో పెట్టాడు. గ్రేడింగ్ చేసేవాళ్లకి, వేలం వేసేవాళ్లకి మధ్య సంబంధాలున్నాయని, ధరల్ని కావాలని పెంచారని ఆరోపించాడు. వాటా, హెరిటేజ్ రెండూ ఆ ఆరోపణల్ని ఖండించాయి. 2022 మేలో కాలిఫోర్నియాలో వాటా మీద కస్టమర్ల తరఫున క్లాస్ యాక్షన్ కేసు పడింది. ఆ వీడియోలో చెప్పిందంతా నిజమా కాదా అన్నది కోర్టులు తేల్చాల్సిన సంగతి, నేను తీర్పు చెప్పను. కానీ వ్యవస్థ ఎలా కట్టారో చూసి కొన్ని ప్రశ్నలు మనమూ అడగొచ్చు, ఆదోని యార్డు చూసినవాడికి అవి కొత్తవి కావు. తూకం వేసేవాడు, గ్రేడ్ చెప్పేవాడు, కొనేవాడు వేర్వేరు మనుషులేనా? గ్రేడ్ చెప్పినవాడికి ధర పెరిగితే లాభం ఉందా?

వాటా ఫీజు పద్ధతిలో గేమ్ విలువ పెరిగేకొద్దీ ఫీజూ పెరిగేది. డాక్టర్ ఎక్స్‌రే తీసి, జబ్బు పెద్దదైతే ఎక్స్‌రేకి ఎక్కువ తీసుకున్నట్టు. పెద్ద వస్తువుకి ఇన్సూరెన్స్, బాధ్యత ఎక్కువ కాబట్టి అలా పెట్టారు అనొచ్చు, ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. ఇంకో లోపం మాత్రం నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఏ గేమ్‌కి ఏ గ్రేడ్ కాపీలు ఎన్ని ఉన్నాయో చెప్పే లిస్టుని పాపులేషన్ రిపోర్ట్ అంటారు. ధరలు ఆకాశానికి ఎక్కుతున్న ఆ రోజుల్లో వాటా ఆ లిస్టుని జనం ముందు పెట్టలేదు. 9.8 కాపీ ప్రపంచంలో ఇదొక్కటే అనుకుని కోట్లు పెట్టినవాడికి, ఇంకో పది గ్రేడింగ్ లైన్లో నిలబడి ఉన్నాయో లేదో తెలుసుకునే దారి లేదు. ధరలు చూసి జనం అటకలు దులిపారు, కొత్త కాపీలు బయటికొచ్చాయి. 2021 తర్వాత సీల్డ్ గేమ్స్ మార్కెట్ బాగా చల్లబడింది.

పత్తిలో కూడా అంతే కదా. రేటు బాగుందని వినగానే పల్లెల్లో ఇళ్లల్లో దాచిన పత్తి మొత్తం ఒకే వారం యార్డుకు వస్తుంది. సోమవారం రేటు గురువారానికి ఉండదు.

మీ కాపీని గ్రేడింగ్‌కి పంపాలా? లెక్క వేద్దాం

ఇది అందరూ అడిగే ప్రశ్న. ఎమోషన్ పక్కన పెట్టి లెక్క వేద్దాం. కింది అంకెలన్నీ పద్ధతి చూపించడానికి నేను అనుకున్నవే, మార్కెట్ రేట్లు కావు.

మీ సీల్డ్ గేమ్‌ని ఇలాగే అమ్మితే 4,000 వస్తుంది అనుకుందాం. అమెరికాకి పంపడం, ఇన్సూరెన్స్, ఫీజు, తిరిగి రావడం అన్నీ కలిపి 12,000 ఖర్చు. 9.4 పైన వస్తే 25,000కి అమ్ముడుపోతుంది, దానికి అవకాశం 30 శాతం. 9 లోపు వస్తే 8,000, అవకాశం 50 శాతం. మిగతా 20 శాతంలో సీల్ అనుమానం అని తిప్పి పంపొచ్చు, లేదా దారిలో కేసు పగలొచ్చు, అప్పుడు 2,000. కలిపితే 7,500 + 4,000 + 400 = 11,900. ఖర్చు 12,000. అంటే చేతిలో మిగిలేది మైనస్ 100. ఇలాగే అమ్మి ఉంటే 4,000 వచ్చేది. 25,000 అన్న అంకె చూసి పంపినవాడు నాలుగు వేలు పోగొట్టుకున్నాడు.

మీ అంకెలు వేరే ఉంటాయి, లెక్క ఇదే. గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఫలానా గేమ్ 'అడుగుతున్న' ధర కాదు, నిజంగా 'అమ్ముడైన' ధర చూడండి. మన దగ్గర ఓఎల్ఎక్స్‌లో ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. రెండోది కస్టమ్స్. గ్రేడింగ్‌కి వెళ్లి తిరిగొచ్చే వస్తువు అని పంపేటప్పుడే కాగితాలు సరిగ్గా లేకపోతే, తిరిగి వచ్చేటప్పుడు కొత్త దిగుమతిలా లెక్కగట్టి సుంకం అడగొచ్చు. ఇండియాలో అమ్మిన పీఎస్2 గేమ్స్ పాల్ రకానివి కాబట్టి, మీరు పంపే కంపెనీ ఆ రకం తీసుకుంటుందా అన్నది కూడా ముందే వాళ్ల సైట్‌లో చూసుకోండి.

గ్రేడ్ అయిన కాపీ కొనేటప్పుడు అయితే లేబుల్ మీద సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది. దాన్ని కంపెనీ సైట్‌లో కొట్టి, వచ్చిన వివరాలు చేతిలో ఉన్నదానితో సరిపోల్చండి. గ్రేడింగ్ కేసులకి కూడా నకిలీలు తయారుచేయడం అసాధ్యమేమీ కాదు.

పంపకపోతే ఏం చేయాలి?

నా అభిప్రాయం అడిగితే, 'హనుమాన్', 'దేశీ అడ్డా' లాంటి వాటికి ప్రస్తుతం గ్రేడింగ్ కన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. మారియోని కాపాడటానికి ప్రపంచమంతా మనుషులున్నారు. హైదరాబాద్‌లో తయారైన ఈ గేమ్స్ గురించి రాసిపెట్టాల్సింది మనమే. సీల్డ్ కాపీ ఉంటే అన్ని వైపులా మంచి వెలుతురులో ఫోటోలు తీయండి. వెన్ను మీద అక్షరాలు, వెనక బార్‌కోడ్, సీల్ మడతలు దగ్గరగా, ఎమ్మార్పీ స్టిక్కర్ మీద ఉన్న నెలా సంవత్సరం చదవగలిగేలా. రేపు ఎవరైనా ఒక కాపీ అసలుదా నకిలీదా అని తేల్చాలంటే పోల్చుకోవడానికి ఈ ఫోటోలే దిక్కు. ఎండ తగలని చోట, బియ్యం డబ్బా పక్కనో బాత్‌రూమ్ గోడకో కాకుండా, పొడి బీరువాలో నిలబెట్టి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే బరువుకి కేసులు పగులుతాయి. చిన్న సిలికా జెల్ ప్యాకెట్లు కొత్త ఫోన్ బాక్సుల్లో, చెప్పుల డబ్బాల్లో వస్తూనే ఉంటాయి, పారేయకుండా వాడండి. సీల్ మీద టేప్ మాత్రం ఎప్పుడూ వేయొద్దు.

సీల్ తీసేసిన కాపీ ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. డిస్క్‌లో ఏముందో, మాన్యువల్‌లో ఎవరెవరి పేర్లున్నాయో చూపించగలిగేది మీరే, సీల్డ్ కాపీ ఉన్నవాడు కాదు. ఆ గేమ్స్ మీద పనిచేసిన ప్రోగ్రామర్లు, ఆర్టిస్టుల పేర్లు గేమ్ చివర క్రెడిట్స్‌లో ఉంటాయి. వాళ్లలో కొందరు ఇప్పటికీ హైదరాబాద్‌లో ఏదో ఒక స్టూడియోలో పనిచేస్తూ ఉండొచ్చు. పీఎస్2 డిస్క్ కూడా శాశ్వతం కాదు, చదవడానికి కన్సోల్ లెన్స్‌లు కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. కాబట్టి పనిచేసే పీఎస్2 ఉన్నప్పుడే ఆ గేమ్ చివరిదాకా ఆడి, ఆ పేర్లు రికార్డ్ చేసి పెట్టండి. ఒకవేళ అదృష్టం బాగుండి రెండు సీల్డ్ కాపీలు దొరికితే, నేనైతే ఒకటి బీరువాలో పెట్టి, రెండోది ఆ రోజే తెరుస్తా.